ప్రభుత్వ బాకీని జుమా రూమాలుతో తీర్చవద్దు

జుమా నమాజు ముగియగానే ఇమాం సాహెబ్ చేతికి ఒక చీటీ అందుతుంది. ఫలానా మొహల్లా సోదరుడు హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్నాడని, ఆపరేషనుకు డబ్బు తక్కువ పడిందని, తోచినంత సాయం చేయాలని ఆయన ప్రకటిస్తారు. మస్జిద్ గుమ్మం దగ్గర ఇద్దరు యువకులు చెరొక కొన పట్టుకొని రూమాలు పరుస్తారు. హమాలీ పది రూపాయలు వేస్తాడు. పండ్ల బండి సోదరుడు యాభై వేస్తాడు. పంక్చర్ దుకాణంలో పనిచేసే పిల్లవాడు జేబులో ఉన్న చిల్లరంతా వేసి తలవంచుకొని వెళ్లిపోతాడు. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా ఈ దృశ్యం ఎరగని ముస్లిం లేడు.

ఆ రూమాలు కొన మేమూ పట్టుకున్నాము. పట్టుకున్నందుకు విచారం లేదు. ఒక ప్రశ్న అడగకుండా పట్టుకున్నందుకు మాత్రం నేడు సిగ్గుపడుతున్నాము. ఆ చికిత్స ఖర్చు భరించవలసిన బాధ్యత అసలు ఎవరిది?

వనపర్తి ప్రాంతానికి చెందిన ఒక ఆటో డ్రైవరు సంగతి చెబుతాము. పేరు అవసరం లేదు, అటువంటివారు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. అతనికి గుండెనొప్పి వచ్చింది. రక్తనాళం మూసుకుపోయిందని, స్టెంటు వేయాలని డాక్టర్లు చెప్పారు. ఆ కుటుంబానికి రేషన్ కార్డు ఉంది. ఆసుపత్రి ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్నదే. చికిత్స కూడా పథకంలో ఉన్నదే. కానీ రేషన్ కార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు కలవలేదు. 'పేరు తేడా ఉంది, సరిచేయించుకొని రండి' అని కౌంటరులో చెప్పారు. గుండె పట్టుకొని మూలుగుతున్న భర్తను వదిలి ఏ భార్య మీసేవా కేంద్రానికి పరుగెత్తగలదు? డబ్బు కట్టి చేర్పిస్తామని ఆమె కాగితం మీద సంతకం చేసింది. నగలు కుదువకు పోయాయి, ఆటో అమ్ముడుపోయింది, మిగిలిన లోటును జుమా రూమాలు తీర్చింది. మనిషి బతికాడు, అల్హందులిల్లాహ్. ఇప్పుడు మరొకరి ఆటోను రోజు కిరాయికి నడుపుకుంటున్నాడు. అతని కాగితాలు మా చేతికి వచ్చేసరికి మూడు నెలలు గడిచిపోయాయి. విప్పి చూస్తే తేడా ఒక్క అక్షరమే.

ఆ అక్షరం ఎక్కడ పుడుతుందో ఏళ్ల తరబడి గుమాస్తా కుర్చీలో కూర్చున్న మాకు బాగా తెలుసు. 'మొహమ్మద్' అన్న పేరు ఒక దస్తావేజులో పూర్తిగా ఉంటుంది, మరొకదానిలో 'మహ్మద్' అవుతుంది, ఇంకొకదానిలో 'ఎండీ' అయిపోతుంది. 'ఖ'కు బదులు 'క', 'ఫ'కు బదులు 'ప' పడుతుంది. ఇంటిపేరు ముందు రాయడానికి అలవాటుపడిన చేయి మన పేర్లలో ఇంటిపేరు ఏదో తెలియక 'షేక్'ను ఒకసారి ముందు, ఒకసారి వెనుక రాస్తుంది. పుట్టింట 'సుల్తానా' అయిన ఆడబిడ్డ అత్తింట 'బేగం' అవుతుంది, వృద్ధాప్యంలో ఉత్త 'బీ'గా మిగులుతుంది. అటువంటి తప్పుడు రాతలు మా చేతి మీదుగానూ వెళ్లే ఉంటాయి. రాసిన రోజున అది ఒక అక్షరం. ఆసుపత్రి కౌంటరు దగ్గర అది ఒక ఆటో ఖరీదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. ప్రభుత్వం చేయించవలసిన చికిత్సకు మనం చందా పోగుచేసి బిల్లు కడితే, పేదవాడి దగ్గర వసూలుచేసి ప్రభుత్వ బాకీ తీర్చినట్లే. దానికి పుణ్యకార్యమని పేరు పెట్టుకొని మనల్ని మనం మోసగించుకోకూడదు. మొదట హక్కు అడగాలి. హక్కు అందని చోటనే రూమాలు పరచాలి.

ఈ హక్కు మనకు కొత్తది కాదు. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీని ఆరంభించినప్పుడు తొలి విడతకు ఎంచుకున్న మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగిలిన రెండు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నాడు పాలమూరు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న అవి వేరు జిల్లాలయ్యాయి. అంటే కరువుకూ వలసకూ పేరుపడిన మన నేల మీదనే ఈ పథకం తొలి అడుగు వేసింది. ఆరంభంలో ప్రభుత్వం ప్రీమియం కడితే ఒక ప్రైవేటు బీమా కంపెనీ చికిత్స ఖర్చు చెల్లించేది. తరువాత ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరు 23న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల పరిమితితో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని తెచ్చింది. తెలంగాణ 2021లో అందులో చేరింది. 2023 డిసెంబరు 9న రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. 2024లో మరికొన్ని చికిత్సలు చేర్చడంతో వాటి సంఖ్య 1,835కు చేరింది.

ఈ పథకం వల్ల ప్రాణాలు నిలిచాయన్నది నిజం. పుట్టుకతోనే గుండెకు రంధ్రమున్న పసిపిల్లలు, క్యాన్సరు సోకిన తల్లులు చేతి నుండి పెద్దగా ఖర్చు లేకుండా చికిత్స పొందడం మేము కళ్లారా చూశాము. దానిని కాదనడం అన్యాయం. కానీ కార్డు చేతిలో ఉండటం వేరు, చికిత్స చేతికందడం వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న అగాధంలోనే మన కుటుంబాలు పడిపోతున్నాయి.

మొదటి అడ్డంకి కాగితం. పేర్ల సంగతి పైన చెప్పుకున్నాము. దానికి తోడు కొత్త రేషన్ కార్డుల జారీ ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. పెళ్లి చేసుకొని వేరుపడిన యువ జంటలకు కార్డు లేదు, వారి పిల్లల పేర్లు ఏ కార్డులోనూ లేవు. 2025లో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది కనుక ఇప్పుడైనా మన ఇళ్లలో ఎవరి పేరు ఎక్కిందో, ఎవరిది ఎక్కలేదో చూసుకోవడం మన పని.

రెండవ అడ్డంకి బకాయిలు. ప్రభుత్వం నుండి రావలసిన సొమ్ము రాలేదంటూ ప్రైవేటు ఆసుపత్రుల సంఘం 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరొకసారి ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేసింది. ప్రభుత్వానికీ ఆసుపత్రులకూ నడుమ లెక్కలు తేలేవరకు రోగం ఆగుతుందా? ఈ బాధ పేదలకే పరిమితం కాదు. మా చేతిలో విశ్రాంత ఉద్యోగులకిచ్చే హెల్త్ కార్డు ఉంది. మా ఇంట్లోవారికి పిత్తాశయంలో రాళ్లు తేలినప్పుడు ఆ కార్డు పట్టుకొని నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాము. 'ఈ కార్డు మీద ఇప్పుడు చేర్చుకోవడం లేదు, డబ్బు కట్టి తరువాత ప్రభుత్వం దగ్గర తీసుకోండి' అన్నారు. అటువంటి రీయింబర్స్‌మెంట్ ఫైళ్లను ఒకప్పుడు బల్లలు దాటించిన మేమే, మా ఫైలు బల్ల దాటడానికి నెలల తరబడి ఎదురుచూశాము. చదువు, పెన్షను, కార్యాలయాల గుట్టు తెలిసిన మా పరిస్థితే ఇది. అయిజలో ఉప్పు మిరప అమ్ముకునే సోదరి పరిస్థితి ఏమిటి?

మూడవ అడ్డంకి దూరం. గద్వాల నుండి హైదరాబాదు సుమారు 190 కిలోమీటర్లు. అచ్చంపేట దాటి నల్లమల అంచు గ్రామాలలో ఉన్నవారికి జిల్లా కేంద్రమే దూరం. గద్వాల, అలంపూర్ ప్రాంతాలవారు తాతల కాలం నుండి జబ్బు చేస్తే కర్నూలుకో రాయచూరుకో వెళ్తారు. రాష్ట్రం విడిపోయినంత మాత్రాన ఆ దారి మారలేదు. అయితే తుంగభద్ర దాటిన తరువాత ఆసుపత్రి మన రాష్ట్ర పథకం జాబితాలో ఉన్నదా లేదా అన్నది బయలుదేరే ముందే తెలుసుకోవలసిన సంగతి. అంబులెన్సులో ఉండగా అది తెలిసి ప్రయోజనం లేదు.

నాలుగవది అన్నిటికంటే పెద్దది. ఈ పథకాలన్నీ ప్రధానంగా మనిషి మంచం ఎక్కిన తరువాత ఆదుకునేవి. షుగరు మాత్రలకు, బీపీ మాత్రలకు, డాక్టరు ఫీజుకు, ఊరి మందుల దుకాణంలో అయ్యే ఖర్చుకు అవి పూచీ పడవు. 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో ఆరోగ్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం ప్రజలు తమ జేబుల నుండే పెట్టుకున్నారు. దర్జీ పనిచేసే మనిషి షుగరు మాత్రలు మానేసి ఇంటి అద్దె కట్టుకుంటాడు. పదేళ్లకు మూత్రపిండాలు చెడి డయాలసిస్ మంచం ఎక్కినప్పుడు ప్రభుత్వం అతని కోసం లక్షలు ఖర్చు చేస్తుంది. నెలనెలా మాత్రలు అందేలా చూసి ఉంటే మనిషీ నిలిచేవాడు, సొమ్మూ మిగిలేది.

ఈ సందులోనే ప్రైవేటు బీమా ఏజెంటు మన గుమ్మం ఎక్కుతాడు. అతనూ మన ఊరి నిరుద్యోగ యువకుడే కనుక అతని మీద మాకు కోపం లేదు. అతను అమ్మే సరుకు మీదనే మా పేచీ. నెలనెలా జీతం వచ్చేవారికి ప్రైవేటు పాలసీ ఉపయోగపడవచ్చు, తీసుకోగలిగినవారిని మేము వద్దనము. రోజు కూలి మీద బతికే కుటుంబానికి మాత్రం అది నీటిమీద రాత. ఒక ఏడాది కట్టి, మరుసటి ఏడాది పెళ్లి ఖర్చో ఫీజో వచ్చి మానేస్తే అంతకు ముందు కట్టినది పోయినట్లే. ముందునుండి ఉన్న జబ్బులకు పాలసీ తీసుకున్న మూడేళ్ల వరకు చెల్లించకుండా ఉండేందుకు కంపెనీకి నిబంధనలు వీలిస్తున్నాయి. 2024 వరకు ఆ గడువు నాలుగేళ్లు ఉండేది. ఏజెంటు మాట విని షుగరు ఉందన్న సంగతి ఫారంలో దాచినవారికి, బిల్లు చేతికొచ్చిన రోజున ఆ దాపరికమే ఉరితాడవుతుంది. గది అద్దెకు ఇంతే అన్న షరతు చిన్న అక్షరాలలో ఉంటుంది. అంతకు మించిన గదిలో చేరితే బిల్లు మొత్తంలోనే కోత పడుతుంది. వ్యక్తులు తీసుకునే ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుండి ఎత్తివేశారు. మంచిదే. కానీ పన్ను ఎత్తివేసినంత మాత్రాన ప్రీమియం హమాలీకి అందుబాటులోకి రాదు.

పాలసీ ఇదివరకే ఉన్నవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. క్లెయిము తిరస్కరించారని ఊరుకోవద్దు. మొదట కంపెనీకి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపుకోవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు.

మనలో కొందరు ధార్మికులు మరొక సందేహం లేవనెత్తుతారు. బీమా అంటేనే వడ్డీ, అనిశ్చితి కలిసిన వ్యవహారం కదా, అలాంటప్పుడు ఆరోగ్యశ్రీ కార్డు కోసం ఎందుకు పోరాడాలి అంటారు. సందేహం గౌరవించదగినదే కనుక సమాధానమూ చెప్పుకోవాలి. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను ధర్మసమ్మతం కాదన్నది, పరస్పర సహకారం మీద నడిచే బీమాను అనుమతించింది. సూడానులో 1979లోనే తకాఫుల్ సంస్థ వెలిసింది, మలేషియా 1984లో దానికొక చట్టమే చేసింది. మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ప్రైవేటు పాలసీ విషయంలో ఎవరికి వారు తమ ఉలమాను అడిగి నడుచుకోవచ్చు. ఆరోగ్యశ్రీ సంగతి వేరు. అక్కడ రోగి ప్రీమియం కట్టడు, లాభం ఆశించడు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా మనం కట్టే పన్నుతో నిండిన ఖజానా నుండి ప్రభుత్వం చికిత్స చేయిస్తుంది. బిచ్చమెత్తుకుంటున్న ఒక యూదు వృద్ధుని చూసి ఖలీఫా ఉమర్ (ర) ఆయనకు బైతుల్ మాల్ నుండి భృతి ఏర్పాటు చేసిన ఉదంతాన్ని ఇమాం అబూ యూసుఫ్ నమోదు చేశారు. ఖజానా మీద అసహాయునికి హక్కు ఉన్నదని బోధించిన సంప్రదాయం మనది. ఆ హక్కును అడగడానికి మనమే వెనుకాడితే ఎలా?

ఇంతకూ బీమా ఏదైనా బిల్లు చెల్లించగలదే తప్ప డాక్టరును సృష్టించలేదు. 1595లో కులీ కుతుబ్ షా హైదరాబాదులో దారుల్ షిఫా కట్టించినప్పుడు ప్రజలకు కార్డు ఇవ్వలేదు, ఆసుపత్రినే ఇచ్చాడు. వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో ప్రారంభమయ్యాయి, గద్వాలకు 2024లో వచ్చింది. ఇది మామూలు సంగతి కాదు. ఒకప్పుడు ఉమ్మడి జిల్లా మొత్తానికి ఒక్క వైద్య కళాశాల కూడా లేని రోజులు మాకు గుర్తున్నాయి. కానీ బోర్డు పెట్టినంతలో ఆసుపత్రి అయిపోదు. నిపుణులైన డాక్టర్లు జిల్లా కేంద్రంలో కాపురముండాలి, రాత్రిపూట ఆపరేషను గది తెరుచుకోవాలి, స్కానింగు యంత్రం పనిచేయాలి, దానిని నడిపే మనిషీ ఉండాలి. 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతం ప్రజారోగ్యానికి ఖర్చు చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం మాట ఇచ్చింది. ఆ ఏడాది వచ్చింది, మాట నెరవేరలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో అత్యవసర చికిత్స నిరాకరించడం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కును భంగపరచడమేనని సుప్రీంకోర్టు 1996లోనే పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తేల్చిచెప్పింది. కనుక మనం కలెక్టరు కార్యాలయం ముందు నిలబడి జిల్లా ఆసుపత్రిలో డాక్టర్లను నియమించమని అడిగితే అది దయాభిక్ష కోరడం కాబోదు. ఆ ఆసుపత్రి మెరుగుపడితే మాలపల్లెకూ, తండాకూ, చెంచుపెంటకూ మేలు జరుగుతుంది. వారందరితో కలిసి అడగవలసిన కోరిక ఇది.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇంటిని చక్కబెట్టుకోవడానికి ప్రతి జమాఅత్ చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ప్రతి మస్జిద్ కమిటీ రమజానులోపు మొహల్లాలోని ఇంటింటి రేషన్ కార్డు, ఆధార్ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడాలి. డిగ్రీ చదివిన ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు కూర్చుంటే నాలుగు ఆదివారాల పని. తేడా ఉన్నవారిని ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీసేవకు పంపి సరిచేయించాలి. 70 ఏళ్లు దాటిన పెద్దలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల వరకు చికిత్సకు కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించిన కార్డును అప్పుడే నమోదు చేయించాలి.

రెండవది, జుమా ప్రకటనకు ముందు కమిటీ మూడు ప్రశ్నలు అడగాలి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిశారా? 104కు ఫోను చేశారా? కాదన్నవారు ఆ మాట కాగితం మీద రాసి ఇచ్చారా? ఈ మూడింటికి జవాబు వచ్చిన తరువాతనే రూమాలు పరచాలి. రాతపూర్వకంగా అడిగితే చాలామంది 'కాదు' అనడానికి వెనుకాడతారన్నది మా ఉద్యోగ జీవితం నేర్పిన పాఠం.

మూడవది, పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా ఆసుపత్రిలో మంజూరైన డాక్టరు పోస్టులెన్ని, ఖాళీలెన్ని, జిల్లాలో ఏ ఏ ఆసుపత్రులు పథకం జాబితాలో ఉన్నాయి, ఎందరికి చికిత్స అందింది అని అడుగుదాం. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ పది రూపాయలూ అక్కరలేదు. ముప్పై రోజులలో జవాబు ఇవ్వక తప్పదు. ఆ జవాబు చేతిలో ఉంటే ఎమ్మెల్యేతో మన మాటకు బరువు వస్తుంది.

నాలుగవది, జకాత్, సదఖా సొమ్ము. రూమాలు మడిచి పెట్టమని మేము అనడం లేదు. పథకం ఇవ్వని వాటికి ఆ సొమ్ము ఆగాలి అంటున్నాము. రోగి వెంట ఉన్న భార్య తిండికి, బస్సు కిరాయికి, మంచం పట్టిన నెలలో ఆగిపోయిన కూలికి, ప్రభుత్వ కేంద్రంలో దొరకని మందుకు అది వెళ్లాలి. స్టెంటు ప్రభుత్వం వేయిస్తే, ఆటో అమ్ముకోకుండా మనం చూడగలము. ఆ డ్రైవరు విషయంలో మనం రెండూ తారుమారు చేశాము.

అతను ప్రతి జుమాకు ముందు వరుసలో కనిపిస్తాడు. మొన్న మరొకరి కోసం రూమాలు పరిచినప్పుడు అందరికంటే ముందు లేచి ఇరవై రూపాయలు వేశాడు. ఆ రోజు రూమాలు కొన పట్టుకున్న పిల్లవాడిని మేము పక్కకు పిలిచి, 'బేటా, ఆరోగ్యశ్రీ అడిగారా?' అన్నాము. వాడు మా ముఖం చూసి, 'ఎవరూ అడగలేదు చాచా' అన్నాడు. ఆ మధ్యాహ్నమే వాడి ఫోను నుండి 104కు కలిపాము.